దివిసీమ నుంచి మన పత్తి చేను దాకా

2025 నవంబర్ 19తో దివిసీమ ఉప్పెనకు 48 ఏళ్లు నిండాయి. మన జిల్లాలో ఆ తేదీని గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ. మోమిన్‌పేట్ నుంచి బందరు దాదాపు 400 కిలోమీటర్లు. తుపాను వార్త టీవీలో వస్తే ‘పాపం, సముద్రం కాడోళ్లు’ అనుకుని ఛానల్ మార్చేస్తాం. నేనూ అట్లనే మార్చినవాణ్ని. అక్టోబర్ చివర్లో మొంథా వచ్చి నా ఇంటి ముందర ఆరబోసిన పత్తిని తడిపాక ఈ సంపాదకీయం రాయాలనిపించింది.

సముద్రానికీ మనకూ సంబంధం లేదనుకోవడం పొరపాటు. మన అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ హైదరాబాద్ దాటి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. తాండూరు మీదుగా పోయే కాగ్నా భీమలో కలిసి, భీమ ద్వారా అదీ కృష్ణకే చేరుతుంది. ఆ కృష్ణ పులిగడ్డ దగ్గర రెండు పాయలై, ఆ పాయల నడుమ ఉన్న దివిసీమను చుట్టుకుని, హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే మన గుట్టల మీద పడ్డ వాన చుక్క చివరికి చేరే చోటు దివిసీమే. అక్కడి గాలివాన కూడా మన దాకా రాగలదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో హైదరాబాద్ కొట్టుకుపోయి వేలమంది చనిపోయారు. ఆ వానను మోసుకొచ్చింది బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండమే. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. ఈ రెండు చెరువుల నీళ్లు తాగి పెరిగిన పట్నానికీ, వాటి ఎగువన ఉన్న మనకూ తుపానుతో సంబంధం వందేళ్లు దాటినది.

1977 నవంబర్ నాటికి నాకు ఆరేడేళ్లు. మా ఊళ్లో రేడియో ఒకరిద్దరి ఇళ్లలోనే ఉండేది. పెద్దలు ఆ ఇంటి అరుగు మీద కూర్చుని విన్నారనీ, మా అమ్మ రెండు పాత చీరలు మడిచి ఎవరికో ఇచ్చిందనీ మాత్రం గుర్తుంది. అవి ఎక్కడికి పోతున్నాయని అడిగితే ‘నీళ్లల్ల మునిగినోళ్లకు’ అంది. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగారని తర్వాత విన్నాను.

ఆ తుపాను ఎలా నడిచిందో తెలుసుకుంటే కొన్ని సంగతులు అర్థమవుతాయి. నవంబర్ 14 ప్రాంతంలో అండమాన్ వైపు పుట్టింది. అంతకు రెండు రోజుల ముందే, 12వ తేదీన, తమిళనాడులో నాగపట్నం దగ్గర ఇంకో తుపాను తీరం దాటింది. అందువల్ల రేడియోలో హెచ్చరికలు జనానికి కొత్త కాదు. రోజూ వినే మాటే కదా అనుకున్నారు. రెండో తుపాను మొదట పడమరగా వచ్చి, తర్వాత ఉత్తరానికి తిరిగింది. 19వ తేదీ శనివారం చీరాల దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది.

తీరం దాటింది చీరాల దగ్గరైతే దివిసీమ ఎందుకు మునిగింది? మన వైపు తుపాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. తుపాను పోయే దారికి కుడి పక్కన గాలి సముద్రం నుంచి నేల మీదికి తోస్తుంది. ఎడమ పక్కన నేల మీది నుంచి సముద్రంలోకి తోస్తుంది. దివిసీమ కుడి పక్కన పడింది. పైగా అక్కడ సముద్రం లోతు తక్కువ, నేల పళ్లెంలా చదును. తోసుకొచ్చిన నీళ్లకు అడ్డం లేదు, పోయే దారీ లేదు. ఐదు మీటర్ల ఎత్తున, అంటే మన ఇంటి స్లాబు మీద మరో మనిషి నిలబడ్డంత ఎత్తున నీళ్లు లేచి, మైళ్ల కొద్దీ లోపలికి వచ్చేశాయి. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల ఊళ్లు పోయాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి చోట్ల చావు లేని ఇల్లు లేదు. ప్రభుత్వ లెక్కలోనే 10 వేలు దాటారు. అసలు సంఖ్య అంతకు ఎంతో ఎక్కువని అక్కడివాళ్లు నేటికీ చెబుతారు. కూలికి వచ్చినవాడికి ఆ ఊళ్లో రేషన్ కార్డు ఉండదు, ఓటు ఉండదు. అట్లాంటివాణ్ని చచ్చాక ఏ లెక్కలో రాస్తారు?

నవంబర్ అంటే డెల్టాలో వరి కోతకొచ్చే కాలం. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా అక్టోబర్, నవంబర్ నెలల్లోనే వస్తాయి. రైతు ఏడాదంతా పెట్టిన పెట్టుబడి చేనులో నిలబడి ఉండేదీ ఆ నెలల్లోనే. ఈ రెండు క్యాలెండర్లూ ఒకటే కావడం రైతు చేసిన తప్పేం కాదు.

కొన్నేళ్ల కింద విజయవాడలో రైతు సంఘాల సమావేశానికి పోయినప్పుడు, మరునాడు అవనిగడ్డ బస్సెక్కాను. పులిగడ్డ దగ్గర ఉప్పెన మృతుల స్తూపం ఉంది. అక్కడ టీ తాగుతుంటే ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాడు. నేను తెలంగాణ నుంచి, చెల్క రైతునని చెబితే నవ్వాడు. ఉప్పెన నాటికి ఆయనకు ఇరవై ఏళ్లట. తాటిచెట్టు పట్టుకుని రాత్రంతా ఉన్నానని చెప్పాడు. చచ్చినవాళ్ల గురించి ఎక్కువ మాట్లాడలేదు, నేనూ అడగలేదు. ఆయన ఎక్కువసేపు మాట్లాడింది మట్టి గురించి. ‘నీళ్లు పోయాయండీ, ఉప్పు పోలేదు. తర్వాత పైరు పెడితే ఎర్రబడి ఆగిపోయేది. ఎడ్లు లేవు, విత్తనం లేదు, అప్పు మాత్రం ఉంది. అప్పిచ్చినాయన బతికే ఉన్నాడు మరి’ అన్నాడు. ఆ ఆఖరి మాటకు ఇద్దరం నవ్వాం. నవ్వాల్సిన మాట కాదని తర్వాత తెలిసింది.

పీటర్ వించెస్టర్ అనే పరిశోధకుడు ఆ ఉప్పెన తర్వాత కృష్ణా డెల్టాలో ఏళ్ల తరబడి తిరిగి 1992లో ఒక పుస్తకం రాశాడు. ఆయన తేల్చింది మనకు కొత్తేమీ కాదు. ఒకే గాలి, ఒకే నీళ్లు, పక్కపక్క ఇళ్లే అయినా, పక్కా ఇల్లూ మంచి పొలమూ ఉన్నవాడు త్వరగా లేచి నిలబడ్డాడు. పూరిల్లూ ఒక ఎద్దూ కౌలు చెక్కా ఉన్నవాడు లేవలేదు. తుపాను అందరినీ సమానంగా కొడుతుందని పేపర్లు రాస్తాయి. ఊళ్లో ఉండేవాడికి అది అబద్ధమని తెలుసు.

ఉప్పెన తర్వాత ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. ఆ రోజుల్లో అవనిగడ్డ ఎమ్మెల్యే, మంత్రి మండలి వెంకటకృష్ణారావు గారు అక్కడే ఉండి చేసిన సహాయ పనిని ఆ ప్రాంతం ఇప్పటికీ తలుచుకుంటుంది. రామకృష్ణ మిషన్ లాంటి సంస్థలు ఇళ్లు కట్టించాయి. బందరులో తుపాన్లను కనిపెట్టే రాడార్ వచ్చింది. తీరం పొడుగునా తుపాను షెల్టర్లు కట్టారు. ఫలితం కూడా కనిపించింది. 1990 మే 9న దాదాపు అంతే బలమైన తుపాను దాదాపు అక్కడే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ముందే లక్షల మందిని తరలించారు. చనిపోయినవారి సంఖ్య వెయ్యి లోపే ఆగింది. 1996 నవంబర్ 6న కోనసీమ తుపాను మళ్లీ వెయ్యి మందికి పైగా పొట్టన పెట్టుకుంది, కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. ఆ తర్వాత 2014 అక్టోబర్ 12న విశాఖను హుద్‌హుద్ చీల్చి చెండాడినా చావులు వందకు చేరలేదు. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర మిచౌంగ్, మొన్న అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర మొంథా. మనుషులను కాపాడడం మన దేశం నేర్చుకుంది. ఇది చిన్న విషయం కాదు, ఒప్పుకోవాలి.

కానీ పంట విషయంలో 1977 దగ్గరే ఉన్నాం. మనిషిని బస్సెక్కించి షెల్టర్‌కు తీసుకుపోవచ్చు, వరి చేనును బస్సెక్కించలేం. తుపాను తర్వాత మంత్రులు ‘ప్రాణనష్టం నివారించాం’ అని చెప్పుకుంటారు, అది నిజమే. బతికి బయటపడ్డవాడు ఆ మరునాడు ఏం తిని బతకాలన్నది ఆ ప్రెస్‌మీట్‌లో ఉండదు.

ఇక మన సంగతి. మొంథా అనే పేరు థాయిలాండ్ పెట్టిందట, వాళ్ల భాషలో సువాసన గల పువ్వని అర్థమట. ఆ పువ్వు తీరం దాటి బలహీనపడి తెలంగాణ మీదికి వచ్చింది. అక్టోబర్ 29న వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి, డోర్నకల్ రైల్వే స్టేషన్‌లో పట్టాలు మునిగి రైళ్లు ఆగాయి. ఖమ్మం, నల్లగొండ, నాగర్‌కర్నూల్ వైపు వరి పడిపోయింది, కల్లాల్లో వడ్లు మొలకలొచ్చాయి. వాళ్లతో పోలిస్తే మనకు తగిలింది తక్కువే, అబద్ధం చెప్పను. మన దగ్గర ముసురు పట్టింది. కానీ పత్తి రైతుకు ముసురే ఎక్కువ చెరుపు చేస్తుంది. గట్టి వాన ఒక గంట పడిపోతే మళ్లీ ఎండ కొడుతుంది, పత్తి ఆరుతుంది. ముసురు రెండు రోజులుంటే విచ్చిన కాయలో పత్తి నల్లబడుతుంది, పచ్చి కాయ కుళ్లుతుంది, లోపలి గింజ మొలకెత్తుతుంది. కందికి అప్పుడే పూత. పూత మీద ముసురు ఏం చేస్తుందో తాండూరు రైతుకు నేను చెప్పాల్సిన పని లేదు.

నా లెక్క చెబుతాను, దాచుకునేదేం లేదు. నాలుగు ఎకరాల పత్తి. ప్యాకెట్ 901 రూపాయల చొప్పున గింజలు, మొదటి వానలకు మొలవక కొంత మళ్లీ పెట్టాను. దుక్కి, యూరియా కోసం క్యూ, మందులు, కలుపు, చివర్లో ఏరుడు కూలి. ఏరిన మొదటి పత్తిని ఇంటి ముందు ఆరబోశాను. వాన రాగానే పట్టాలు కప్పాం, పట్టా కింది నుంచి నీళ్లొచ్చాయి. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 8,110 రూపాయలు. సీసీఐ నిబంధన ప్రకారం తేమ 8 శాతం ఉంటేనే పూర్తి ధర. 12 శాతం దాకా కోత పెట్టి కొంటారు, 12 దాటితే కొనరు. పైగా ఈసారి ఎకరాకు 7 క్వింటాళ్లే అన్నారు, ఫోన్‌లో కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలన్నారు. తడిసిన పత్తి స్లాట్ వచ్చే దాకా ఆగదు కదా. ఊరికొచ్చిన వ్యాపారికి అమ్మాను. క్వింటాలుకు మద్దతు ధర మీద 2,000 పైగా తక్కువే. అతను పత్తిని పిడికిట్లో పిసికి, నా మొహం చూసి ధర చెప్పాడు. పత్తి కంటే మొహమే ఎక్కువ చూశాడని నా అనుమానం.

ఇప్పుడు ఈ నష్టం ఏ రిజిస్టర్‌లో ఉంది? ఎక్కడా లేదు. విపత్తు సహాయ నిధి నిబంధనల్లో పంట 33 శాతం పైగా దెబ్బతింటేనే లెక్క. అదీ చేనులో ఉన్న పంటకు. 2025లో వర్షాధార భూమికి హెక్టారుకు 8,500, నీటి వసతి ఉంటే 17,000, రెండు హెక్టార్ల వరకే. ఎకరాల్లోకి మారిస్తే చెల్క రైతుకు 3,400 చిల్లర. మన రాష్ట్ర ప్రభుత్వం ఎకరాకు 10 వేలు ఇస్తామంది, మంచిదే, ఆ మాట మీద నిలబడాలి. కానీ ఏరి ఇంట్లో పెట్టుకున్న పత్తి, కల్లంలో పోసిన వడ్లు ఈ లెక్కలోకి రావు. చేను దాటాక అది పంట కాదట, సరుకట. ఇంటికి చేరనిది సరుకెట్ల అయిందో నాకు అర్థం కాదు.

పంటల బీమా ఉంటే కొంత మేలు. ఫసల్ బీమా నిబంధనల్లో కోసి చేనులో ఆరబెట్టిన పంట తుపాను వల్ల తడిస్తే 14 రోజుల దాకా వర్తించే వీలుంది, 72 గంటల్లో నష్టం తెలపాలి. వానాకాలం ఆహార పంటలకు రైతు కట్టేది 2 శాతం, పత్తి లాంటి వాణిజ్య పంటలకు 5 శాతం. 2020లో మన రాష్ట్రం ఆ పథకం నుంచి బయటికొచ్చింది. 2024లో మళ్లీ చేరతామని ప్రకటించారు. రైతు చేతికి పాలసీ కాగితం మాత్రం రాలేదు. ఆ పథకం గొప్పదని నేననను. వరికి ఊరు, మిగతా పంటలకు మండలం యూనిట్‌గా సగటు దిగుబడి తీసి లెక్క కడితే, చెరువు కింద మునిగిన రైతు నష్టం గుట్ట మీది రైతు దిగుబడిలో కలిసిపోతుంది. కంపెనీల లాభాల కథ కూడా మనకు తెలుసు. అయినా ఏమీ లేకపోవడం కంటే లోపాలున్న బీమాతో కొట్లాడడం నయం. బయటికి రావడం ఒక్క సంతకంతో అయింది, లోపలికి పోవడానికి ఐదేళ్లు చాలడం లేదు.

అసలు రాయాలనుకున్నది ఇక్కడి నుంచి. మన మండలంలో ఒక యువ రైతు ఉన్నాడు, పేరు రాయను. నాలుగెకరాలు కౌలుకు పట్టాడు. భూమి యజమాని హైదరాబాద్‌లో ఉంటాడు. పట్నం దగ్గరపడ్డ కొద్దీ మన దగ్గర భూములు పట్నం పేర్ల మీదికి పోతున్నాయి, దున్నేది మాత్రం ఊరివాళ్లే. ముసురు తగ్గాక పంట నష్టం రాయడానికి వస్తే పాస్‌బుక్ నంబర్ అడిగారు. యజమానికి ఫోన్ చేస్తే ‘రాయించుకో, డబ్బులు నా ఖాతాల పడ్డాక చూద్దాం’ అన్నాడు. రైతు భరోసా ఆయన ఖాతాలోనే పడుతుంది. నష్టపరిహారమూ ఆయనకే పడుతుంది. తడిసింది ఈ పిల్లవాడి చెమట.

2011లో ఉమ్మడి రాష్ట్రంలో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. కౌలు రైతుకు ఏటా గుర్తింపు కార్డు ఇవ్వాలనీ, దాంతో బ్యాంకు అప్పు, నష్టపరిహారం పొందవచ్చనీ అందులో ఉంది. ఆ చట్టం మన రాష్ట్రానికీ సంక్రమించింది, అమలు మాత్రం సంక్రమించలేదు. ధరణి వచ్చినప్పుడు పహాణీలో ఎవరు సాగు చేస్తున్నారో చెప్పే అనుభవదారు గడినే తీసేశారు. గడి లేకపోతే మనిషి లేనట్టే. ఆంధ్రలో 2019 చట్టంతో కౌలు రైతులకు కార్డులు ఇస్తున్నారు. అక్కడా యజమాని సంతకం పెట్టాలన్న మెలికతో చాలామంది బయటే ఉండిపోయారు. దివిసీమలో కూలివాళ్ల శవాలు లెక్కలోకి రాకపోవడానికీ, ఇక్కడ కౌలు రైతు పంట లెక్కలోకి రాకపోవడానికీ కారణం ఒకటే. కాగితం మీద వాళ్లు లేరు.

ఇందులో మన సంఘం తప్పు కూడా ఉంది. మొంథా తర్వాత మనం దరఖాస్తులు పూరించడానికి కూర్చున్నాం. మొదటి రెండు రోజులు మన టేబుల్ మీదికి వచ్చినవన్నీ పట్టాదారుల దరఖాస్తులే. పాస్‌బుక్ జిరాక్స్ లేనివాళ్లను ‘తర్వాత రా’ అని పంపినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ యువ రైతును అట్లనే పంపాను. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక గానీ నేనేం చేశానో తెలియలేదు. ఆఫీసువాళ్లు అడిగిన కాగితాన్నే మనమూ అడిగితే సంఘం దేనికి? మన సభ్యత్వ రిజిస్టర్ తీసి చూశాను. కౌలు రైతులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు. మహిళల పేర్లు అంతకంటే తక్కువ, పత్తి ఏరేదంతా వాళ్లే అయినా.

అందుకే మండల కమిటీలో మాట్లాడి నిర్ణయం తీసుకున్నాం. వచ్చే అంగడి రోజు నుంచి నాలుగు వారాలు మోమిన్‌పేట్‌లో కౌలు రైతుల కోసమే వేరుగా టేబుల్ వేస్తాం. కౌలు కాగితం ఉంటే తెచ్చుకోండి. లేకపోతే చేనుకు నాలుగు దిక్కులా ఉన్న రైతుల్లో ఇద్దరి సంతకాలు, గింజలు మందులు కొన్న రసీదులు, చేనులో నిలబడి దిగిన ఫోటో చాలు. ఏఈఓ పంట నమోదులో ఎవరి పేరుందో సర్వే నంబరుతో రాసుకుని రండి. తడిసిన పత్తిని తక్కువ ధరకు అమ్మినవాళ్లు తూకం చీటీ పారేయకండి, చీటీ లేకపోతే తేదీ, బరువు, ధర నోటుబుక్కులో రాసి తెండి. ఆ జాబితా మొత్తం తహసీల్దారుకు, కలెక్టరుకు సంఘం తరఫున ఇస్తాం, 2011 చట్టం ప్రతిని పైన పెట్టి ఇస్తాం. తీసుకున్నట్టు ముద్ర వేయించుకున్నాకే గేటు దాటుతాం. ఆ యువ రైతు పేరు మొదటి వరుసలో నేనే రాశాను. తాండూరు, మర్పల్లి కమిటీలు కూడా ఇట్లాంటి జాబితాలు డిసెంబర్ సమావేశానికి తయారు చేసుకుని రావాలి.